నీలం చొక్కాలు మళ్ళీ గెలిచిన శుక్రవారం

మా చిన్నప్పుడు గల్ఫ్‌లో, నైఫ్ అనే పేటలో, శుక్రవారం సాయంత్రం అసర్ నమాజు అయ్యిందంటే చాలు... అమ్మ బొంత మడిచి చంకన పెట్టుకునేది. సత్తు డబ్బా నిండా బొరుగులు పోసుకునేది. "పదమ్మే, ఆట మొదలైతాది!" అంటూ నన్ను లాక్కుని మెట్లు దిగేది.

ఆట అంటే బాస్కెట్‌బాల్!

కడప నుంచి వచ్చిన మా అమ్మకు బాస్కెట్‌బాల్ ఏమిటంటారా... అదంతా పక్క గది లీనా ఆంటీ చలవ. మా ఫ్లాటులో మూడు గదులు, మూడు కుటుంబాలు, అందరికీ కలిపి ఒకటే వంటిల్లు. లీనా ఆంటీ వాళ్ళది ఫిలిప్పీన్స్. ఆవిడ భర్త రోడెల్ అంకుల్ గోడౌన్‌లో పనిచేసేవాడు. శుక్రవారం మాత్రం మా పేట ఫిలిప్పీనోల టీమ్‌కి కెప్టెన్. ఆ టీమ్‌కి ఏదో ఇంగ్లీషు పేరుండేది కానీ, మాకు నోరు తిరగక 'నీలం చొక్కాలు' అనేవాళ్ళం.

మేం వెళ్ళిన కొత్తలో, 2002లో, వాళ్ళకు ఎదురే లేదు. పార్కింగ్ వెనకున్న సిమెంటు కోర్టు చుట్టూ నిలబడడానికి చోటుండేది కాదు. మా బిల్డింగ్ కింద జ్యూస్ దుకాణం నడిపే గఫూర్ మామ అయితే, టీమ్ కప్పుతో దిగిన ఫోటోకి ఫ్రేము కట్టించి మరీ పెట్టుకున్నాడు. ఆయనదీ కడపే. చుట్టం కాదు... ఒకే ఊరు కాబట్టి మామ అని పిలిచేదాన్ని. ఇప్పుడు ఆ పిలుపు నోటికి చేదుగా ఉంటుంది.

తర్వాత రోజులు మారాయి. ఇద్దరు మంచి ఆటగాళ్ళ వీసాలు రద్దయి ఊరికి వెళ్ళిపోయారు. రోడెల్ అంకుల్ మోకాలు దెబ్బతింది. ఇక ఓటమి మీద ఓటమి... జనం పలచబడి పలచబడి, చివరికి కోర్టు పక్క మెట్ల మీద అమ్మ, లీనా ఆంటీ, నేను మిగిలాం. దుకాణంలో ఫోటో ఉన్న చోట మామిడి జ్యూస్ బొమ్మ వెలిసింది.

రాకపోతే పోయారు, అది వాళ్ళ ఇష్టం. కానీ రోడెల్ అంకుల్ కుంటుకుంటూ దుకాణం ముందు నుంచి వెళ్తుంటే గఫూర్ మామ ముక్కు మూసుకునేవాడు. "ఎండు చేపలు తినేటోళ్ళకు కాళ్ళు యాడ లేస్తాయి బా?" అనేవాడు. చుట్టూ ఉన్నవాళ్ళు పకపకా నవ్వేవారు... వాళ్ళలో సగం మంది నిన్నమొన్నటి దాకా కోర్టు చుట్టూ గొంతు చించుకున్నవాళ్ళే!

ఒక శుక్రవారం ఊరికే వేళాకోళానికి వచ్చాడు. పిండేసిన బత్తాయి తొక్కలు కవరు నిండా తెచ్చి కోర్టులోకి విసిరాడు. ఒకటి రోడెల్ అంకుల్ వీపుకు తగిలి, చొక్కా మీద మరక చేసి జారిపోయింది. ఆయన ఆట ఆపాడు. ఎవరైనా జారిపడతారని వంగి, నొప్పి మోకాలితోనే, తొక్కలన్నీ ఏరి పక్కన పడేసి మళ్ళీ ఆడాడు.

గఫూర్ మామ అంతటితో ఆగలేదు. వంటింట్లో చేపల కంపు భరించలేకపోతున్నాం, లీనా ఆంటీ వాళ్ళను ఖాళీ చేయించమని బిల్డింగ్ చూసే ముదీర్‌కి చెప్పాడు. మా ఫ్లాటులో లేని మనిషి! ముదీర్ పైకి వచ్చిన రోజు అమ్మ తలుపుకు అడ్డంగా నిలబడింది.

"ఆ వంటింట్లో వండేది నేను. నాకు లేని కంపు కింద దుకాణంలో ఆయనకు ఎట్ల కొట్టింది సార్? వాళ్ళను పంపిస్తే మా గది కూడా ఖాళీ."

టైలరు పని చేసుకుంటూ ఎవరితోనూ గొడవ పడని మా నాన్న నోరు తెరుచుకుని చూశాడు. తర్వాత అమ్మ పక్కకొచ్చి నిలబడి, "అవును సార్... మేమూ పోతాం" అన్నాడు. ముదీర్ గొణుక్కుంటూ వెళ్ళిపోయాడు.

మరుసటి ఏడాది కొత్త కుర్రాళ్ళు చేరారు. రోడెల్ అంకుల్ ఇక పరిగెత్తలేక గీత బయట నిలబడి వాళ్ళకు నేర్పాడు. నెమ్మదిగా గెలవడం మొదలైంది... ఒకటి, ఇంకొకటి... ఏకంగా ఫైనల్! బంతి బుట్టలో పడిన ప్రతిసారీ అమ్మ, లీనా ఆంటీ చిన్నపిల్లల్లా చేతులు పట్టుకుని గెంతేవాళ్ళు.

ఫైనల్ రోజు మేం వెళ్ళేసరికి మా మెట్లు నిండిపోయి ఉన్నాయి. డప్పులు, నీలం జెండాలు... మధ్యలో గఫూర్ మామ! "లేడీస్ అటు పోండమ్మా, ఇది ఫ్యాన్స్ జాగా" అన్నాడు, మమ్మల్ని ఎప్పుడూ చూడనట్టు. మేం ఒక మూల నిలబడి, మనుషుల భుజాల సందుల్లోంచి చూశాం.

గెలిచారు. మా అమ్మ ఏడ్చేసింది.

గఫూర్ మామ కోర్టులోకి దూకి రోడెల్ అంకుల్‌ను భుజాల మీదికి ఎత్తుకున్నాడు. "మా టీమ్! కష్టకాలంలో గూడా మేం ఇడిసిపెట్టలే!" అని అరుస్తున్నాడు. కింద అందరూ ఈలలు.

అమ్మ జనాన్ని తోసుకుంటూ వెళ్ళింది. "గఫూర్ భాయ్, వీళ్ళను గదిలోంచి గెంటించాలని చూసింది ఎవరు?"

ఒక్క క్షణం డప్పు ఆగింది. ఆయన సిగ్గుపడతాడనుకున్నాను. నవ్వాడు. "అరే బహెన్, ఖుషీ దినం పాత ముచ్చట్లేంది... ఖలాస్!" చుట్టూ ఉన్నవాళ్ళు కూడా నవ్వారు. డప్పు మళ్ళీ మొదలైంది.

ఎలాగో కిందికి దిగిన రోడెల్ అంకుల్ అమ్మ దగ్గరికొచ్చి, తనకొచ్చిన ముక్కల హిందీలో మెల్లగా అన్నాడు: "దీదీ, ఛోడో... ఇధర్ హీ రెహనా హై నా."

వదిలేయండి, మేం ఉండాల్సింది ఇక్కడే కదా... అని. గెలిచిన మనిషి, అంత మందిలో, గొంతు తగ్గించుకుని బతిమాలాడు. ఆ నవ్వులకన్నా ఆయన అలా బతిమాలాల్సి రావడమే నాకు ఎక్కువ రోత పుట్టించింది.

2008లో లీనా ఆంటీ వాళ్ళు ఊరికి వెళ్ళిపోయారు. ఆ కోర్టు ఉన్నచోట ఇప్పుడు పెద్ద భవనం. ఇవాళ ఏ జట్టు గెలిచినా నా ఫోను నిండా "మేం మొదటి నుంచీ నమ్మాం" అనే పోస్టులే... అప్పుడు ఒక్క గఫూర్ మామ, ఇప్పుడు ఎటు చూసినా ఆయనే.

మీరు ఓడిపోయిన రోజున మీ కోసం వచ్చి కూర్చున్న వాళ్ళు ఎవరైనా ఉంటే, కింద వాళ్ళ పేరు రాయండి... ఒక్క పేరైనా చాలు. గెలిచిన రోజు వచ్చినవాళ్ళవి మాత్రం నాకొద్దు.