చదివించిన ఉప్పు

సాయంత్రం పీర్ల చావిడి ముందు నుంచి పోతుంటే ఊదు పొగ ముక్కుకు తగిలింది. మన వీధి వాళ్లకు గుర్తుందా, పీర్ల పండక్కి ఇంటింటి నుంచీ చక్కెర తెచ్చి పీర్ల ముందు ఫాతిహా చదివించుకునేవాళ్లం? మస్తాన్ వాళ్ల నాయన చదివి, సగం చావిడిలో ఉంచుకుని సగం మనకు తిరిగిచ్చేవాడు.

ఒక ఏడు నేను తమాషాకు చక్కెరకు బదులు ఉప్పు పొట్లం కట్టుకుని పోయాను. ఆయన చదివి, చిటికెడు నాలుక మీద వేసుకుని, నా వైపు చూశాడు.

"చదివిచ్చినాక అది ప్రసాదమే కదప్పా. తిను. ఈడనే తిను."

మస్తాన్ పడీపడీ నవ్వాడు. "ఏమిరా దొంగోడా, ఇంగా కావల్నా?" అంటూనే, నా అవస్థ చూడలేక నా చేతిలోది సగం లాక్కుని వాడే నోట్లో వేసుకున్నాడు.

పోయిన ఎన్నికలప్పుడు వాళ్ల మతం మీద ఎవరో అల్లిన జోకు నా ఫోనుకొచ్చింది. నవ్వొచ్చి, మన బడి వాట్సాప్ గ్రూపులో పెట్టాను. మీరంతా నవ్వు బొమ్మలు పెట్టారు. మస్తాన్ గ్రూపు నుంచి వెళ్లిపోయాడు.

ఈరోజు ఊదు వాసనకు కాళ్లు ఆగిపోయాయి. అంగట్లో పావుకిలో చక్కెర కొని చావిడికి పోయాను. మన వీధి వాళ్లు ఒక్కరూ లేరు. వాళ్ల నాయన కూర్చునే చోట ఇప్పుడు మస్తాన్ కూర్చున్నాడు.

"ఉప్పు కాదు లేరా, చూసుకో" అన్నాను. తిడతాడని ఆశపడ్డాను.

వాడు తల ఎత్తకుండా చదివి, సగం పొట్లం కట్టి నా చేతికిచ్చాడు.

"తీసుకోండి సార్" అన్నాడు.