స్టీలు డబ్బాలో చెక్కముక్క

మేస్త్రీ పోయాడన్న వార్త తెలిసేటప్పటికి నా తల ఒక వంటింటి కప్‌బోర్డులో ఉంది. హిమాయత్‌నగర్‌లో కొత్తగా బిగించిన అరల్లో జిగురు వాసన ఏమైనా ఉందేమోనని చూస్తున్నాను. ఫోను మోగింది. ఆయన భార్య, నేను పెద్దమ్మా అని పిలుస్తాను. "చాయ్ అడిగిండు బిడ్డా. తెచ్చేలోపల పోయిండు" అంది. తల బయటికి తీయకుండా అలాగే ఉండిపోయాను. ఆ ఇంటావిడ వచ్చి ఏమైందని అడిగేదాకా ఏడుస్తున్నట్టు నాకే తెలియలేదు.

కప్‌బోర్డులో తల పెట్టి వాసన చూడటం ఆయన నేర్పిన విద్యే. వంటిళ్లు చేసే వ్యాపారంలో పదిహేనేళ్లుగా ఉన్నాను, ఆయన నేర్పనిది నా దగ్గర పెద్దగా ఏమీ లేదు.

తొంభైల్లో అబిడ్స్‌లో ఒక మేడమీద గదిలో చిన్న దుకాణం తెరిచాను. గోడకు రంగురంగుల వంటిళ్ల ఫొటోలు, టేబులు మీద నా డిప్లొమా. బొమ్మలు గీయడం వచ్చు, కర్ర సంగతి తెలియదు. ఎవరో నాంపల్లి స్టేషను వెనక సందులో ఒక వడ్రంగి మేస్త్రీ ఉన్నాడని చెబితే వెళ్లాను. రేకుల షెడ్డు, దాని నిండా పాత తలుపులు, ద్వారబంధాలు, దూలాలు. ఆయన నా డ్రాయింగును తిప్పి తిప్పి చూసి, బాగుందన్నాడు. ఆ తర్వాత, ఇందులో పప్పు గిన్నె ఎక్కడ పెడతారని అడిగాడు. నేను డ్రాయింగులో వెతుక్కున్నాను.

మెదక్ వైపు నుంచి కుర్రతనంలో పట్నం వచ్చిన మనిషి. గౌలిగూడలోనో కోఠీలోనో పాత ఇల్లు పడగొడుతున్నారని తెలిస్తే చాలు, సైకిలేసుకుని అక్కడ తేలేవాడు. తలుపుల మీద అరచెయ్యి పెట్టి నిమిరి, గోటితో గీకి, లోపల టేకు ఇంకా గట్టిగా ఉందంటే కూతురికి పెళ్లికొడుకు దొరికినంత సంబరపడేవాడు. మేకులు ఒక్కొక్కటీ ఊడబీకి, చిత్రిక పట్టి, దాంతోనే వంటింటి అరలు చేసేవాడు. "చెట్టును ఒక్కసారే కొడ్తం బిడ్డా. గా కర్రతోని ఎన్ని ఇండ్లయినా కట్టుకోవచ్చు" అనేవాడు. ఎకో ఫ్రెండ్లీ అన్న మాట అబిడ్స్ బోర్డుల మీదికి ఇంకా రాలేదప్పుడు. ఆయనైతే దాన్ని పాత కర్ర పని అనేవాడు, అంతే.

పాత కర్ర అందరికీ చాలదు కదా. కొత్త ప్లైవుడ్డో, చెరకు పిప్పి బోర్డో వాడక తప్పని చోట ఆయన పరీక్ష ఒకటుండేది. బోర్డులోంచి అరచెయ్యంత ముక్క కోసి, క్లిప్పుల మూత ఉన్న స్టీలు డబ్బాలో పెట్టి, పొద్దున పదింటికి షెడ్డు రేకుల మీద ఎండకు పెట్టేవాడు. మధ్యాహ్నం అన్నం వేళ దాటాక దించి, మూత తీసి, కళ్లు మూసుకుని ముక్కు లోపల పెట్టేవాడు. జిగురు ఘాటుకు కళ్లు చెమర్చాయంటే ఆ బోర్డు తిరుగుటపా కట్టాల్సిందే. అప్పటిదాకా చాయ్ ముట్టడు, ముక్కు పాడవుతుందని. నాంపల్లిలో ఉంటూ మధ్యాహ్నం వరకు చాయ్ లేకుండా ఉండటమంటే మాటలా? బోర్డు పాసైతే మాత్రం వరసగా రెండు ఇరానీ చాయ్‌లు లాగించేవాడు.

ఆ ముక్కుతో పెద్దమ్మ పడ్డ పాట్లు వేరే. కూరలో ఉప్పు ఎక్కువైందని గుమ్మంలోంచే చెప్పేవాడట. చర్చిలో కొత్త బెంచీలు వేయించినప్పుడు పాలిషు ఘాటు పోయేదాకా మూడు నెలలు కిటికీ పక్కనే నిలబడి ప్రార్థన చేసుకున్నాడు. పాస్టరు గారు అలిగారు కూడా.

నవ్వుకునేవాళ్లం గానీ, దాని వెనక కథ నవ్వేది కాదు. వయసులో ఉన్నప్పుడు ఒక మూసిన గదిలో బోర్డులకు జిగురు పూసి అతికించే పని చేశాడు. అప్పుడు పట్టుకున్న ఆయాసం ఇక వదల్లేదు. "ఇంటామె రోజుకు ఎన్నిసార్లు గీ తలుపు తీస్తదో లెక్కుంటదా? తీసినప్పుడల్లా పీలుస్తది. ముందుగాల మనం పీల్చి సూడాలె" అనేవాడు.

రెండువేల సంవత్సరం దాటాక గాలి మారింది. గ్రీన్ బిల్డింగులొచ్చాయి. బిల్డర్ల కరపత్రాల మీద ఇంటికంటే చెట్టు పెద్దదిగా ఉండేది. నాకూ అలాంటి మొదటి ఆర్డరు వచ్చింది. అదీ హిమాయత్‌నగర్‌లోనే, ఒక కొత్త అపార్ట్‌మెంటు, బ్యాంకులో పనిచేసే ఒకావిడ. ఆమె కూతురికి నాలుగేళ్లు, పిల్లకు ఉబ్బసం. అందుకే వాసన లేని వంటిల్లు కావాలని అడిగింది. ఆకు బొమ్మ స్టిక్కరున్న బోర్డు తెప్పించాను. మేస్త్రీ డబ్బాలో పెట్టాడు, తీశాడు, కళ్లు తుడుచుకుని వద్దన్నాడు.

ఇప్పుడు చెప్పబోయేది ఆయనకు నేను ఎప్పుడూ చెప్పలేదు. గృహప్రవేశం ముహూర్తం దగ్గర పడింది. ఈ ఒక్క పని బాగా వస్తే ఆ బిల్డింగులో మిగతా వంటిళ్లన్నీ నావే. స్టిక్కరుంది, కంపెనీ ఇచ్చిన సర్టిఫికెట్టుంది, ఈ ముసలాయన ముక్కేమిటి అనుకున్నాను. అదే బోర్డులోంచి ఒక ముక్క కోసి, ఘాటు పోయేదాకా పది రోజులు మా డాబా మీద ఎండలో, గాలిలో ఆరబెట్టాను. తర్వాత అది వేరే సరుకని చెప్పి తీసుకెళ్లి ఆయన డబ్బాలో పెట్టాను. నా మాట నమ్మి ఎండకు పెట్టాడు. మధ్యాహ్నం మూత తీసి, మంచిగుంది అని నవ్వి, రెండు చాయ్‌లు చెప్పాడు. ఒకటి నాకిచ్చాడు. తాగాను.

ఆ బోర్డునే బయట మిల్లులో కోయించి అరలు బిగించేశాను. వాళ్లు ఇంట్లో చేరిన వారానికే ఫోను. తలుపు తీస్తే కళ్లు మండుతున్నాయని, పిల్ల దగ్గు ఆగడం లేదని. ఇద్దరం వెళ్లాం. పిల్ల హాల్లో తల్లి ఒళ్లో పడుకుని గురగురమని ఊపిరి తీస్తోంది. మేస్త్రీ కప్‌బోర్డులో తల పెట్టి బయటికి తీశాడు. ఒక అర ఊడదీసి, బాల్కనీలోకి పట్టుకెళ్లి రంపంతో కోసి, ఆ కొత్త కోత దగ్గర ముక్కు పెట్టాడు. అప్పుడు నా వైపు చూశాడు.

ఆవిడ వెనకే వచ్చి నిలబడింది, ఎవరి తప్పని అడుగుతోంది. ఆయన ఆమె వైపు తిరిగి, "నా ముక్కు తప్పిందమ్మా. ముసలోణ్ణయిన" అన్నాడు.

నలభై ఏళ్ల ముక్కు. నాంపల్లిలో సాటి వడ్రంగులు కూడా బోర్డు కొనేముందు తెచ్చి చూపించుకునే ముక్కు. ఆ నింద ఆయన నెత్తిన వేసుకుంటుంటే నేను చేతిలో స్క్రూడ్రైవరు పట్టుకుని నిలబడ్డాను. కాదని ఒక్క మాట అనలేకపోయాను. దానికి ఇప్పటికీ సిగ్గుపడుతున్నాను.

ఆ సాయంత్రానికి అరలన్నీ ఊడదీయించాడు. గౌలిగూడలో పడగొట్టిన ఒక ఇంటి పాత టేకు తలుపులు తన కోసం దాచుకున్నవి నాలుగుండేవి. వాటిని కోసి, అవిసె నూనె రుద్ది, ఆ వంటిల్లు మళ్లీ చేశాడు. అన్నాళ్లూ వాళ్లు బాల్కనీలో స్టవ్వు పెట్టుకుని వండుకున్నారు. పిల్ల దగ్గు తగ్గాక వచ్చి, ఆయన చిత్రిక పడుతుంటే రాలిన పొట్టును గాజుల్లా చేతులకు తొడుక్కునేది.

ఆ తర్వాత మళ్లీ కొత్త బోర్డు వచ్చినప్పుడు ముక్క కోయబోయాను. ఆయన నా చేతిలోంచి రంపం మెల్లగా తీసుకున్నాడు. "ముక్క ఇగ నేనే కోస్త" అన్నాడు. కోపం లేదు, దెప్పడం లేదు. మునుపటిలాగే బిడ్డా అనేవాడు, చాయ్ ఇప్పించేవాడు, మా అమ్మ మోకాళ్ల నొప్పుల గురించి అడిగేవాడు. కానీ ఆఖరి వరకు ముక్క ఆయనే కోశాడు. చేతులు వణకడం మొదలయ్యాక కూడా, కోత వంకరపోయినా సరే, నాకు ఇవ్వలేదు. పోయిన నెల దవాఖానకు చూడ్డానికి వెళ్లినప్పుడు ఎలాగైనా చెప్పేయాలనుకున్నాను. నోరు తెరిచేలోపే, గోడకు వేసిన కొత్త రంగు ఘాటుగా ఉంది, జర కిటికీ తెరువమన్నాడు. తెరిచాను. మాట మాత్రం లోపలే ఉండిపోయింది.

ఆయన్ని సమాధి చేసి వచ్చిన మూడో రోజున పెద్దమ్మ మెల్లగా మెట్లెక్కి మా దుకాణానికి వచ్చింది. చీర కొంగులో చుట్టిన స్టీలు డబ్బా టేబులు మీద పెట్టింది. మూతకు ఒక క్లిప్పు ఎప్పుడో ఊడిపోతే తీగ చుట్టాడు, అదీ అలాగే ఉంది.

"ఇది నీకియ్యమన్నడు" అంది. కాసేపు ఆయాసం తీర్చుకుని, "ముక్క ఇగ నువ్వే కొయ్యమన్నడు" అంది.

ఆ మాటకు అర్థం ఆమెకు తెలియదు. నేను ఏడుస్తుంటే, పోయిన మనిషి కోసం అనుకుని వీపు నిమిరింది.

ఇవాళ పొద్దున కొత్త బోర్డు ఒకటి వచ్చింది. నేనే కోశాను, నిక్కచ్చిగా, కంపెనీవాళ్లు దింపిన లోడులోంచి అప్పటికప్పుడు. ఇంకా చాయ్ తాగలేదు. డాబా పిట్టగోడ మీద డబ్బా ఎండలో మెరుస్తోంది. మధ్యాహ్నం కావాలి.