నావికుడి దారిలో మా ఆంటీ

ఆంటీ పోయారన్న వార్త నేను పనిలో ఉండగా తెలిసింది. కేర్ హోమ్‌లో ఒక పెద్దావిడకు జుట్టు దువ్వుతున్నాను. జేబులో ఫోన్ అదిరింది. మా తెలుగు చర్చి ఫెలోషిప్ వాట్సాప్ గ్రూపులో పాస్టర్‌గారి మెసేజ్: ఆంటీ నిన్న సాయంత్రం ప్రభువునందు నిద్రించారు. దువ్వెన చేతిలోనే ఉండిపోయింది. నిద్ర అన్న మాట ఆవిడకు ఎలా సరిపోతుందో నాకు అర్థం కాలేదు. నేనెరిగిన ఆంటీ ఎప్పుడూ నడుస్తూనే ఉండేవారు.

మీలో చాలామందికి ఆవిడ తెలియకపోవచ్చు. ఇంగ్లండులో నాటింగ్‌హామ్‌కు కాస్త దూరంలో ఉన్న మా చిన్న ఊళ్ళో, మా వీధి చివరి ఇల్లు ఆవిడది. గుంటూరు దగ్గర నర్సింగ్ చదివి, వయసులో ఉండగానే ఇక్కడి ఆసుపత్రికి వచ్చి, అక్కడే రిటైరయ్యారు. నేను కొత్తగా వచ్చిన రోజుల్లో వానలో బస్సు కోసం నిలబడి ఉంటే, "ఈ బస్సుని నమ్ముకుంటే నీ ఉద్యోగం ఊడుద్ది, నాతో రా" అని పొలాల మధ్య దారి చూపించారు.

ఆ దారి మా వీధి వెనక మొదలై, గుర్రాలు మేసే బీళ్ళ మీదుగా, వాగు దాటి, ఆసుపత్రీ మా కేర్ హోమూ ఉన్న రోడ్డులో తేలుతుంది. తెల్లవారుతుండగా పొగమంచు నడుము దాకా ఉంటుంది. మన కాళ్ళు మనకే కనబడవు. ఆంటీ ముడి మీదకు ఉన్నిటోపీ లాక్కుని, ఏదో కీర్తన సన్నగా పాడుకుంటూ ముందు నడిచేవారు. రిటైరైనా షిఫ్టు వేళకే లేచి నాకు తోడు వచ్చేవారు. గుర్రాలను తెలుగులో పలకరించేవారు. అవి ఇంగ్లీషు గుర్రాలు కదా ఆంటీ అని ఆటపట్టిస్తే, మాటతో పనేముంది, గొంతు తెలిస్తే చాలు అనేవారు. దేశం కాని దేశంలో నా మొదటి చలికాలం ఆ గొంతు వింటూ గడిచిపోయింది. ఇప్పుడు తలచుకుంటే ఆ ఉదయాలు నిజంగా జరిగాయా, కలలో చూశానా అనిపిస్తుంది.

ఆ దారికి ఒక కథ ఉంది. రెండు వందల ఏళ్ళ కిందట మంచు సముద్రాలలో కొత్త తీరాలు వెతకబోయిన ఒక నావికుడు మా ఊళ్ళోనే పుట్టాడట. ఓడ ఎక్కడానికి ఇల్లు వదిలి ఈ దారినే వెళ్ళాడట. దీన్ని చారిత్రక మార్గంగా గుర్తించమని ఊరి చరిత్ర సంఘం వాళ్ళు మన మున్సిపాలిటీ లాంటి కౌన్సిల్‌ను అడుగుతున్నారు. ఈ మధ్యే ఆ దారి ఉన్న పొలం చేతులు మారింది. కొత్త యజమాని కంచె వేసి దారి మూసేద్దామనుకుంటున్నాడు. గుర్తింపు వస్తే దారి దక్కుతుంది. అందుకు పాత కథ ఒక్కటే చాలదు. ఊరివాళ్ళు నేటికీ ఆ దారిన నడుస్తున్నారని, అది తమకు కావాలని, పేరు పెట్టి రాసివ్వాలి.

సంఘంలో అందరూ తెల్లజుట్టు ఇంగ్లీషువాళ్ళు. ఆంటీ వాళ్ళ మీటింగుకు గోంగూర పచ్చడి శాండ్‌విచ్‌లు పట్టుకెళ్ళి మధ్యలో కూర్చున్నారు. నావికుడి గొప్పలన్నీ విన్నాక లేచి ఒక్క మాట అన్నారట. మర్నాడు నాకు తెలుగులో చెప్పారు.

"ఆయన ఈ దారిన ఒక్కసారే పోయాడమ్మా. మనం రోజూ పోతన్నాం. మరి దారి ఎవరిదంటావ్?"

సంఘం వాళ్ళిచ్చిన కాగితాలు పట్టుకుని ఆంటీ మా తెలుగువాళ్ళందరి దగ్గరికీ వచ్చారు. అప్పటికే మా వాళ్ళలో ఒక మాట పాకింది. కౌన్సిల్ కాగితాల మీద సంతకం పెడితే వీసా రెన్యువల్‌కు ఇబ్బందని. ఎవరు మొదలుపెట్టారో తెలియదు, అందరం నమ్మేశాం. ఒకరు డ్యూటీల రోటా కుదరలేదన్నారు, ఒకరు మా ఆయన్ని అడగాలన్నారు. నన్ను ఆ దారిలోనే, వాగు దగ్గర అడిగారు.

"నేను ఈ దారిన పెద్దగా నడవను కదా ఆంటీ" అన్నాను.

నా బూట్లకు ఉన్నది ఆ దారి బురదే. ఆవిడ వాటి వంక చూడలేదు. కాగితం మడిచి కోటులో పెట్టుకుని, "సర్లేమ్మా. జారుద్ది, చూసి నడువు" అన్నారు. మిగతా దారంతా కందిపప్పు ఎక్కడ బాగా దొరుకుతుందో చెప్పారు. తిట్టినా బాగుండేది. ఆ మరుసటి వారమే ఛాతీలో నెమ్ము చేరి ఆసుపత్రికి వెళ్ళారు. మళ్ళీ ఇంటికి రాలేదు.

భూస్థాపన అయిన మర్నాడు సిగ్గు తట్టుకోలేక మా ఉద్యోగుల యూనియన్ ఆవిడకు ఫోన్ చేశాను. ఏ దారిన నడుస్తామో చెప్పడానికీ వీసాకూ ఏ సంబంధమూ లేదని ఆవిడ రెండు మాటల్లో తేల్చేసింది. ఆ ఫోనేదో ఆంటీ ఉండగా చేయాల్సింది. చేయలేదు. విన్నది గ్రూపులో రాశాను, ఆంటీతో నేనాడిన అబద్ధంతో సహా. అందరూ చదివినట్టు నీలం టిక్కులు మాత్రం పడ్డాయి.

చరిత్ర సంఘం వాళ్ళు ఊరంతా ముందే చెప్పినట్టు, పోయిన వారం కౌన్సిల్ నుంచి ఒకాయన దారి చూడడానికి వచ్చాడు, షిఫ్టులు మారే వేళకు. వాగు అవతలి కంచె దగ్గర రాసుకునే అట్టా, పెన్నూ పట్టుకుని నిలబడ్డాడు. నేను ఆగి, ఇంటిపేరుతో సహా నా పేరు చెప్పాను. ఎన్నాళ్ళుగా నడుస్తున్నారని అడిగాడు. ఈ ఊరు వచ్చినప్పటి నుంచీ, రోజూ, అన్నాను. నాకు ఈ దారి చూపించిన ఆంటీ పేరు కూడా చెప్పాను. ఆ పేరు ఆయనకు ముందే తెలుసు. ఆవిడ రాసిచ్చిన కాగితం ఫైల్లో అన్నిటికన్నా పైన ఉందన్నాడు.

వెనక ఎవరో దగ్గారు. తిరిగి చూస్తే మా ఫెలోషిప్ వాళ్ళే. నైట్ డ్యూటీ దిగిన నర్సులు, డ్యూటీకి వెళ్తున్న కేర్ హోమ్ వాళ్ళు, యూనిఫాంల మీద కోట్లు వేసుకుని వాగు దాకా వరసలో నిలబడి ఉన్నారు. తెల్లాయన సరిగ్గా రాసుకోవాలని, ఎవరి పేరులోని అక్షరాలు వాళ్ళు పెదవుల మీద మెల్లగా కూడబలుక్కుంటున్నారు.