ముట్టుకోకూడని బోణీ పీసు: కామాఠిపుర నుంచి క్లూజ్ లోయ దాకా

నా కూతురు రేణుక ఫ్రాన్సు దేశంలో, ఆల్ప్స్ కొండల నడుమ ఉన్న క్లూజ్ అనే ఊళ్ళో ఆరు నెలలు, లోహాన్ని తిప్పుతూ కోసే లేత్ మిషన్ పని నేర్చుకుంది. ముంబయి శివార్లలో తను పనిచేసే కర్మాగారం వాళ్ళే పంపారు. ఆఖరి రోజు పరీక్ష ఉంటుందని, ఇంటివాళ్ళు ఒకరు వచ్చి చూడవచ్చని ఫోన్‌లో చెప్పింది. ఆ మాట విన్నప్పటి నుంచి నా కాలు ఒకచోట నిలవలేదు. నేను ముంబయిలోని కామాఠిపుర మునిసిపల్ తెలుగు బడిలో ఏడో తరగతి దాకా చదివి, ఆ పక్క గల్లీలోనే ఇత్తడి భాగాలు తీసే చిన్న వర్క్‌షాపులో బతుకంతా లేత్ ముందు నిలబడినవాణ్ణి. మా తాత పాలమూరు నుంచి ఇళ్ళు కట్టే కూలీగా ఈ ఊరికి వచ్చాడు. ఆయన మునిమనవరాలి పరీక్ష చూడటానికి నేను విమానం ఎక్కాలి! తలచుకున్నప్పుడల్లా కళ్ళు చెమ్మగిల్లేవి.

మేముండే ఒంటి గదుల మేడ, మా చాల్ కింద పాన్ దుకాణం నడిపే నర్సింలు మాత్రం ఊరుకోలేదు. "గంత దూరం పోయి గూడ లేత్ మిషినే చూస్తవా మామా? ఈడ చూసింది సాల్లేదా?" అన్నాడు. మంచు కూడా చూస్తానురా అన్నాను. మంచైతే మచ్ఛీ బజార్‌లో చేపల మీద గూడ దొరుకుతదని నవ్వుతూ, దారికి రెండు పాన్లు కట్టి ఇచ్చాడు.

మీలో ఎవరైనా వెళ్ళేటట్టయితే, వీసాకు కనీసం రెండు నెలల ముందే దరఖాస్తు పెట్టుకోండి. ముంబయి నుంచి జెనీవాకు నేను దుబాయిలో విమానం మారి వెళ్ళాను. జెనీవా విమానాశ్రయం కిందే రైల్వే స్టేషన్ ఉంది, బయటికి రానక్కరలేదు. అక్కడి నుంచి క్లూజ్‌కు గంటన్నర లోపే. టికెట్ మనిషికి పదిహేను స్విస్ ఫ్రాంకులకు అటూ ఇటూ పడింది. జెనీవా నగరంలోని పెద్ద స్టేషన్‌లో రైలు మారాలి; అక్కడి నుంచి కొన్ని నేరుగా పోతాయి, కొన్నింటికి మధ్యలో మళ్ళీ మారాలి, కాబట్టి ఎక్కేముందు అడగండి. రేణుక ఎదురొచ్చింది కనుక నాకు ఆ చింత లేకపోయింది. రైలు ముందుకు పోయేకొద్దీ కొండలు రెండు వైపులా దగ్గరవుతూ వచ్చాయి. కింద బూడిద రంగు నీళ్ళతో ఒక నది. పైన మంచు, మధ్యలో అడవి, అడుగున వరసగా రేకుల కప్పుల కర్మాగారాలు. ఆల్ప్స్ అంటే సినిమా పాటల పచ్చికే అనుకున్న నాకు, రైలు దిగగానే తగిలిన మొదటి వాసన కోత నూనెది. లేత్ మీద లోహం కోసేటప్పుడు పోసే నూనె అది. నా చొక్కాల్లోంచి ఇన్నేళ్ళూ పోని వాసన. నాకు పరాయి దేశం వచ్చినట్టే అనిపించలేదు.

మర్నాడు పొద్దున పరీక్షకు ముందు రేణుక నన్ను ఊళ్ళో తిప్పింది. పాత రైతు ఇళ్ళ ముందు ఆగి, పక్కపక్కనే ఉన్న కిటికీలు చూపించింది. వెనకటి రోజుల్లో చలికాలం పొలాలన్నీ మంచు కింద పడిపోతే, ఈ రైతులు కిటికీ వెలుతురులో కూర్చొని జెనీవా గడియారాలకు చిన్న చిన్న పళ్ళచక్రాలు ఆకురాయితో అరగదీసేవాళ్ళట. ఇంటిల్లిపాదీ, ఆడవాళ్ళతో సహా. అందులోంచే గడియారాల పని నేర్పే బడి, లేత్‌లు, ఈ కర్మాగారాలు వచ్చాయి. ఇప్పుడు కార్లకు, విమానాలకు, విరిగిన ఎముకలు కలిపే స్క్రూలకు ఇక్కడి నుంచే భాగాలు పోతాయి.

నేను ఆ కిటికీల ముందు చాలాసేపు నిలబడిపోయాను. నా భార్య యాదమ్మ మా చాల్ గదిలో కిటికీ పక్కనే పీట వేసుకొని, నేను తెచ్చిన ఇత్తడి పీసుల అంచులు ఆకురాయితో నునుపు చేసేది. లేత్ కోసిన అంచున కంటికి కనపడని గరుకు మిగులుతుంది. బొటనవేలితో నిమిరి కనిపెట్టేది. దొరికితే పీసు నా ఒళ్ళోకి విసిరి, "దీనికి గడ్డం ఎవరు గీస్తరు, నువ్వా, మీ సేటా?" అనేది. ఆమె పోయి నాలుగేళ్ళయింది. రేణుక కూడా ఆ కిటికీ వంకే చూస్తోంది.

పరీక్ష ఇది: చిటికెన వేలంత ఉక్కు ఇరుసు ఒకటి తన చేత్తో మిషన్ అమర్చి తీయాలి. దాన్ని కొలతల గదిలో కొలుస్తారు. కొలత కుదిరితే పట్టా. కుదరకపోతే వచ్చే ఏడు మళ్ళీ మొదటినుంచి రావాలి, అదీ కర్మాగారం మళ్ళీ పంపితే. రేణుక పీసు తీయడం అయిపోయింది. దాని మిషన్ అప్పటికే వేరే పనికి విప్పేశారు, అంటే రెండోది తీసే వీలు లేదు. పరీక్షకు వచ్చిన మరికొందరితో పాటు మమ్మల్ని కొలతల గదిలోకి పిలిచారు; అక్కడ ఒదిల్ అనే పెద్దావిడ, తల నెరిసిన పరీక్షాధికారి, కాగితాలు సర్దుకుంటోంది. నీలం గుడ్డ పరిచిన పళ్ళెంలో పీసు ఉంది. రేణుక నా చెవిలో, "గదే నాది" అంది.

మా వర్క్‌షాపులో ఒక పద్ధతి ఉంది. పొద్దున లేత్ నుంచి దిగిన మొదటి పీసు బోణీ పీసు. దాన్ని కళ్ళకద్దుకోకుండా ఎవరూ పెట్టెలో వేయరు. యాదమ్మ కూడా పీట మీద కూర్చోగానే అదే చేసేది. నా చేయి దానంతట అదే పోయింది. పీసు తీసి, రెండు కళ్ళకూ అద్దుకొని, గుప్పిట్లో పెట్టి గుండెకు హత్తుకున్నాను. ఎంతసేపు పట్టుకున్నానో తెలియదు. తల ఎత్తేసరికి గదిలో అందరూ నన్నే చూస్తున్నారు.

"ఎందుకు ముట్టినవ్ నాయినా?" రేణుక గొంతు చాలా చిన్నగా ఉంది.

"బోణీ పీసు కద బిడ్డా."

అప్పుడు చెప్పింది. ఆ గదిని ఎప్పుడూ ఒకే చల్లదనంలో ఉంచుతారు. ఒంటి వేడి తగిలితే ఉక్కు ఉబ్బుతుంది. ఉబ్బేది వెంట్రుకలో యాభయ్యో వంతే అయినా, అక్కడి కొలిచే మిషన్ పట్టేస్తుంది. చేతి చెమట సంగతి సరేసరి. అసలు మిషన్ నుంచి కొలత దాకా పీసును వట్టి చేత్తో ఎవరూ ముట్టకూడదని నియమం. ఒదిల్ తలచుకుంటే పరీక్షను అక్కడికక్కడే రద్దు చేయవచ్చు. రేణుక ఆమెకు వాళ్ళ భాషలో ఏదో చెప్పింది. చాలాసేపు చెప్పింది. మధ్యలో రెండుసార్లు 'బోణీ' అన్న మాట వినిపించింది. ఒదిల్ నా చేతులు చూసింది, గోళ్ళ సందుల్లో నలుపు దిగిన ఆ చేతులు. పీసును స్పిరిటుతో తుడిచి, ఒక రాతి బల్ల మీద పెట్టి, ఏదో అంది.

"పీసుకు జర జ్వరమొచ్చిందట. దిగినంక చూద్దాం, తిని రమ్మంటున్నది" అని రేణుక నన్ను బయటికి నడిపించింది.

ఎదురుగా చిన్న హోటల్లో ఆలుగడ్డలూ జున్నూ కలిపి కాల్చిన వంటకం తెప్పించింది. ఇద్దరికీ కలిపి ముప్పై యూరోల లోపే, వేడివేడిగా, కడుపు నిండా పెడతారు. మాంసం వద్దంటే వేయరు. కానీ మా ఇద్దరికీ ముద్ద దిగలేదు. వంటాయన వచ్చి బాగాలేదా అని అడిగాడు. రేణుక జరిగింది చెబితే, ఈ ఊళ్ళో కొలతల గదికి పోయేవాడికి, వేడెక్కుతాడని, పెళ్ళాం కూడా చేయి తగలనివ్వదని నవ్వాడట. రేణుక నవ్వలేదు. నేను క్షమించమన్నాను. "అసు దే నాయినా" అంది, పోనిమ్మని మరాఠీలో, చిన్నప్పుడు అన్నట్టే.

తిరిగి వెళ్ళాక ఒదిల్ చేతి తొడుగులు వేసుకొని, రేణుకకూ ఒక జత ఇచ్చి, పీసును మిషన్‌లో పెట్టింది. తెర మీద అంకెలు కదిలి ఆగాయి. ఒకసారి కాదు, మూడు చోట్ల కొలిచింది. మూడోసారి తెరను మా వైపు తిప్పింది. నాకు అంకెలు అర్థం కాలేదు, రేణుక భుజాలు కిందికి దిగడం అర్థమైంది. నెగ్గింది నా తల్లి! పీసు ఇక నీదేనని ఆమె రేణుక చేతిలో పెట్టింది.

రేణుక తొడుగులు తీసేసింది. అంతమంది ముందు ఆ పీసును ఒక కంటికి, తరువాత రెండో కంటికి అద్దుకుంది. దాని అంచు మీద బొటనవేలితో మెల్లగా నిమిరింది, ఒకసారి ఇటు, ఒకసారి అటు, అచ్చం వాళ్ళమ్మ లాగే. ఆ నిమరడం ఎవరూ నేర్పలేదు, కిటికీ పక్కన కూర్చొని చూసిందంతే.

"అమ్మ గూడ పాస్ చేస్తది నాయినా" అంది. "గడ్డం లేదు."

లోయలో మంచు కింద, కిటికీల దగ్గర కూర్చొని అరగదీసినవాళ్ళ పేర్లు ఆ ఊళ్ళో ఎక్కడా రాసి లేవు. మా చాల్ గదుల్లోనూ లేవు. వాళ్ళ వేళ్ళు మాత్రం పిల్లల వేళ్ళలో ఉన్నాయి. అది చూడటానికే అంత దూరం వెళ్ళానేమో అనిపిస్తుంది. మీరు ఆ ఊరికి వెళితే ఒక్కటి గుర్తుపెట్టుకోండి: కొన్ని కర్మాగారాలు ముందుగా అడిగితే లోపల చూపిస్తాయి, కానీ ఏది చూపించినా చేతులు జేబుల్లో ఉంచుకోండి. ఈ మాట చెప్పే నేను, ఇంటికొచ్చాక, రేణుక నాకిచ్చిన ఆ ఇరుసును గుప్పిట్లో పెట్టుకొనే ఇది రాస్తున్నాను. వేడెక్కింది. కొంచెం ఉబ్బే ఉంటుంది. ఇక్కడ కొలిచేవాళ్ళు ఎవరూ లేరు.