ముయె ఊరు దాటలేదు

సుక్మా జిల్లాలో ఎర్రబోరు దాటాక మా ఊరు. మా దుకాణం వెనక గది అంగన్‌వాడీకి అద్దెకిచ్చాం. గోడకు అటు టీచరు ముయె, ఇటు నేను. తొమ్మిదో తరగతిలో చదువు ఆగినప్పటి నుంచి ఉప్పూ బెల్లమూ తూచి ఇస్తుంటాను. అక్కడ కూర్చుంటే అన్నీ వినబడతాయి.

ముయె దోర్ల తెగ రైతు బిడ్డ. ఊళ్లో పన్నెండు చదివిన ఆడపిల్ల ఆమె ఒక్కతే. అంతకుముందు సుక్మా నుంచి వచ్చిన టీచరు హిందీలో పలకరిస్తే పిల్లలు బెదిరి ఏడ్చేవారు. వానలు మొదలవగానే ఆవిడ వెళ్లిపోయింది. ముయె వచ్చాక వాళ్లు తమ ఇంటి భాష దోర్లీలోనే పోట్లాడుకుని, దోర్లీలోనే పాడి, ఖిచిడీ తిని అక్కడే నిద్రపోయేవారు.

ఆ ఉద్యోగం ఊళ్లో ఉండే మనిషికే ఇస్తారు. పెళ్లయి వేరే ఊరు పోతే అదీ పోతుంది. ముయె మనసు పడిన హడ్మాదేమో మరైగూడ. అక్కడి అంగన్‌వాడీలో వేరొకామె ఉంది.

"నువ్వే మా ఇంటికి రా," అంది ముయె, సంత రోజున అతన్ని మా అరుగు మీద కూర్చోబెట్టి.

"ఇల్లరికమా? నీ కొంగుకు కట్టిన మేకపోతంటరు నన్ను."

"అననీ. గడ్డి పెట్టేది నేనే గదా!"

ఇల్లరికం వచ్చేవాడు ముందు పిల్ల ఇంట్లో పని చేసి చూపించాలి. పెళ్లి ఆ తర్వాతే. తండ్రి లేడు కాబట్టి ఇంటి పెత్తనం అన్న లక్మాది. అతను సరేనన్నాడు. తొలకరికి హడ్మా వచ్చాడు. దున్నాడు, కంచె కట్టాడు, పందుల నుంచి చేను కాపాడాడు. ఆ నెలల్లో ముయె పిల్లల తలలు దువ్వుతూ తనలో తానే నవ్వుకునేది.

వడ్లు ఇంటికి చేరాయి. లక్మా బీడీలకు మా దుకాణానికి వచ్చినప్పుడు హడ్మా వెంటే వచ్చి అడిగాడు.

"బావా, పెండ్లెప్పుడు?"

"ఏం పెండ్లి? ఇయ్యాల నాగలి పట్టినవ్, రేపు పొలంల వాటా అంటవ్."

"వాటా ఎవరడిగిండ్రు?"

"నువ్వడగవ్. నీ కొడుకు అడుగుతడు."

ముయె చేతిలో గరిటెతోనే బయటికి వచ్చింది. "మరి వానకాలమంత పనెందుకు చేయించినవన్నా?"

"చేస్తనన్నడు, చేయించిన. ఒద్దంటనా?"

"అయితే నేనే మరైగూడ పోత."

లక్మా తాపీగా బీడీ ముట్టించాడు. "పో. నౌకరీ ఈడ పెట్టి పో."

అతనికి తెలుసు. అతని మోటర్‌సైకిల్ పెట్రోలూ, ముసలి తల్లి మందులూ ఆమె జీతంతోనే. చెల్లెలు వెళ్లినా నష్టం, అల్లుడు వచ్చినా నష్టం. ఇలాగే ఉండిపోతేనే లాభం.

ఆ సాయంత్రం హడ్మా గోడ దగ్గర నిలబడి పిలిచాడు. "దా ముయే, పోదాం. ఆకలికి సావం."

"పన్నెండు చదివింది కట్టెలు మొయ్యనీకా? అమ్మ మందులు అడివిల కాస్తయా?"

అతను ఒక్కడే మరైగూడ వెళ్లిపోయాడు. ఎండాకాలంలో అతని పెళ్లయిందని సంతలో ఎవరో అన్నారు.

తర్వాత సూపర్‌వైజర్ మేడం వచ్చింది. హిందీలో, ఎంతో ప్రేమగా అంది: "పెళ్లి ఊసు లేదు కదా? మంచిది. పెళ్లికాని పిల్లలను తీసుకుంటేనే పోస్టులు నిలుస్తాయి. మీటింగులో నీ సంగతి చెబితే అందరూ చప్పట్లు కొట్టారు." వెళ్తూ నా వైపు చూసింది. "ఈమెకూ కాలేదా?"

నేను లోపలికి వెళ్లిపోయాను.

ఆ వారమే ముయె అన్న ఇల్లు వదిలి, తల్లినీ ఒక రేకు పెట్టెనూ తీసుకుని మా పెరటి వసారాలోకి వచ్చేసింది. నాన్న కాదనలేదు. జీతం పడ్డ రోజు లక్మా వచ్చి అంగన్‌వాడీ గుమ్మంలో నిలబడ్డాడు.

"చెల్లే, చేతిల ఏం లేదే. ఇంట్ల బియ్యం గూడ..."

ముయె తలెత్తలేదు. వడ్డిస్తూనే ఉంది.

"కూసో అన్నా. పిల్లలు తిన్నంక మిగిల్తే పెడ్త."

లక్మా కూర్చున్నాడు. ముయె గిన్నె అడుగుదాకా గీకి పిల్లలకే వడ్డించింది.