బావ చేసిన రెండో విడత బీరు

చెడిపోయిన బీరు మీద నాకు కోపం లేదు. పాలలాగే, పప్పులాగే అదీ చెడిపోయే వస్తువే. నా కోపమంతా దాన్ని తాగుతూ కూడా "బాగుండాది, బాగుండాది" అని తలలూపే మనుషుల మీద. పాచిపోయిన పప్పు వడ్డించినా లొట్టలేసే ఈ మర్యాదస్థులతో వేగలేక ఒక ఎండాకాలమంతా నేను పళ్లు నూరుకుంటూ గడిపాను.

మా అక్కను పెనుకొండలో ఇచ్చారు. బావ పెళ్లినాటికే బెంగళూరు దగ్గర ఒక బీరు ఫ్యాక్టరీలో పనిచేసేవాడు. తొట్టెల్లోంచి తీసిన బీరును కొంచెం నోట్లో పోసుకుని, పుక్కిలించి, ఇది బయటికి పంపొచ్చు, ఇది పంపకూడదు అని చెప్పడం అతని ఉద్యోగం. మా బంధువులకు ఈ ఉద్యోగం మీద ఎప్పుడూ నమ్మకం కుదరలేదు. "తాగేదానికి జీతమిస్తారా యాడన్నా?" అని మా నాయన పెళ్లిచూపుల్లోనే అడిగాడు. బావ నవ్వి ఊరుకున్నాడు గానీ, ఆ పని మీద అతనికున్న గౌరవం అంతా ఇంతా కాదు. నాలుక పాడవుతుందని పచ్చిమిరపకాయ కొరికేవాడు కాదు. రాయలసీమలో పుట్టి కారం తగ్గించి తినే అల్లుణ్ని చూసి మా అమ్మ చాలా రోజులు బెంగపెట్టుకుంది.

రెండువేల సంవత్సరం దాటిన కొన్నేళ్లకు ఆ ఫ్యాక్టరీ మూతపడింది. బావ పెనుకొండకు వచ్చి వేరుశనగ పొలం చూసుకోసాగాడు. చూసుకోవడమంటే గట్టు మీద నిలబడి వాన కోసం ఆకాశం వైపు చూడటమే. ఊరికే కూర్చోలేక, ఇంటి వెనక గదిలో తన తృప్తి కోసం కొంచెం కొంచెం బీరు కాచడం మొదలుపెట్టాడు. చట్టం ఒప్పుకోదని తెలుసు, అందుకే ఎవరికీ అమ్మేవాడు కాదు. బార్లీ, చేదు కోసం వేసే పూలు పాత స్నేహితుడొకడు బెంగళూరు నుంచి పంపేవాడు. రాగులు మాత్రం రొద్దం నుంచి తెప్పించి, తనే మొలకెత్తించి, ఎండబెట్టి, మర పట్టించేవాడు. రాగులు కలిపిన బీరు ఇంకెక్కడా దొరకదని అతని గర్వం.

తాగడానికి ముగ్గురం. హిందూపురంలో మందుల షాపు నడిపే నేను. ధర్మవరంలో పట్టుచీరల వ్యాపారం చేసే నా చిన్ననాటి స్నేహితుడు. బావకు పక్కింటివాడైన బడి పంతులు. ఆదివారం నేను ఇటునుంచి బస్సులోనూ, చీరల స్నేహితుడు అటునుంచి ప్యాసింజరు రైల్లోనూ పెనుకొండకు చేరేవాళ్లం. అక్క వేయించిన వేరుశనగపప్పు పళ్లెంలో పోసి మా ముందు పెట్టి, ముక్కు మూసుకుని లోపలికి వెళ్లిపోయేది.

ఆ ఏడు చలికాలంలో చేసిన బీరు నిజంగా అద్భుతం. మొదట చేదు, వెనకాలే కాల్చిన రాగిరొట్టె వాసన, గుటక దిగాక నాలుక మీద సన్నని తీపి. నేను మాత్రం "ఇది బీరా బావా, ఎనుములకు పెట్టే కుడితా?" అన్నాను. బావ పగలబడి నవ్వాడు. బావా బామ్మర్దులు ఇంకెట్లా మాట్లాడుకుంటారు? పెళ్లి పందిట్లో అతని పాయసంలో ఉప్పు కలిపినవాణ్ని నేను. అతని కొత్త చొక్కాకు "గోరంట్ల సంతలో పాతబట్టల కుప్పలో దొరికిందా?" అని వంక పెట్టినవాణ్నీ నేనే. నేను తిడితే అతనికి సంతోషం. ఆ రోజు నేను మూడో గ్లాసు అడిగానంటే అదే నా మెప్పు.

ఆ బీరు సీసాలు రెండు బెంగళూరుకు వెళ్లాయి. అక్కడ ఒకాయన, హోటల్లోనే బీరు తయారుచేసి గ్లాసుల్లో పోసి అమ్మే ఏర్పాటు చేయబోతున్నాడు. బావ పాత స్నేహితుడు ఆయనకు రుచి చూపించాడు. ఆయనకు నచ్చి బావతో ఫోన్లో మాట్లాడాడు. "ఒకసారి బాగా చెయ్యడం గొప్ప కాదు. ఇదే రుచి మళ్లీ తెచ్చి చూపించండి. తెస్తే నా దగ్గర కాచే పని మీదే" అన్నాడు. వేసవి సెలవుల చివర్లో రమ్మన్నాడు. ఆ ఫోను వచ్చిన రోజు బావ మొహం చూడాలి! ఫ్యాక్టరీ పోయాక ఊళ్లో అందరికీ అతను పని లేని అల్లుడు, పని లేని మొగుడు. మళ్లీ తన పని తనకు దొరకబోతోంది. అక్కకు కూడా ఆశ కలిగింది. బెంగళూరులో ఇంటి అద్దెలెట్లున్నాయో నన్ను కనుక్కోమంది.

అట్లా రెండో విడత మొదలైంది. కానీ అది చలికాలం కాదు, పెనుకొండ కొండ నిప్పుల్లా కాలే కాలం. పులిసేటప్పుడు బీరు బకెట్టు చల్లగా ఉండాలని బావ దాన్ని పాత ఫ్రిజ్జులో పెట్టాడు. కరెంటేమో పొద్దునొకసారి, మధ్యాహ్నమొకసారి పోయేది. పోయినప్పుడల్లా తడి గోనెపట్టాలు కప్పేవాడు. ఎట్లాగో సీసాల్లోకి ఎక్కించి, మూతలు బిగించి, కొన్నాళ్లు ఆగి, ఒక ఆదివారం మమ్మల్ని పిలిచాడు.

మొదటి గుటకకే నా మొహం ముడుచుకుపోయింది. పులుపు. తియ్యటి పులుపు కూడా కాదు, మూడు రోజులు మరిచిపోయిన రాగి అంబలి పులుపు. నేను మందుల షాపువాణ్ని. గడువు దాటిన సీసాను మూత తీయకుండానే పసిగడతాను. ఇది మూత తీశాక కూడా పసిగట్టలేకపోతే ఇంక నాకెందుకీ ముక్కు?

"ఎట్లుండాదప్పా?" అని బావ అడిగాడు.

చీరల స్నేహితుడు పెదాలు తుడుచుకుని, "సూపరుగుండాదన్నా. పోయినసారి కన్నా ఒక చుక్క మేలే" అన్నాడు.

పంతులు, "ఫస్టు క్లాసు. నూటికి నూరు" అన్నాడు.

"పుల్లగుండాది బావా. చెడిపోయిండాది. పారబొయ్యి" అన్నాను నేను.

ముగ్గురూ నవ్వారు. లోపలి నుంచి అక్క కూడా, "వానికి పుట్టినప్పట్నుంచీ ఏదీ బాగుండదులే. పాలు పుల్లగుండాయని ఏడ్చేవాడు" అంది.

నేను నిజమే చెప్తున్నానన్నాను. దానికీ నవ్వారు. ఒట్టు పెట్టాను. "బామ్మర్ది ఒట్టుకి విలువుంటాదేమబ్బా?" అని పంతులు చమత్కరించాడు. ఆయన తలకాయ మీద ఆ సీసా పగలగొట్టాలనిపించింది.

తిరిగి వెళ్లేటప్పుడు రైల్వేస్టేషను దాకా చీరల స్నేహితుడితో కలిసి నడిచాను. "నిజం చెప్పు. నీకు పుల్లగా ల్యాదా?" అన్నాను.

"నాకేం తెలీల్యా. బాగానే ఉండె. నువ్వు ఎండకొచ్చినావు, నీ నోరు ఆరిపోయింటాది."

"ఆయప్ప దాన్ని ఎత్తుకుని బెంగళూరికి పోతాడు. ఆడ పరువు పోతాది. పనీ పోతాది."

"బాగుండేదాన్ని బాగుండాదంటే పనెందుకు పోతాదప్పా? నీకన్నీ అనుమానాలే" అని రైలెక్కి చెయ్యూపాడు. ఆ చెయ్యి చూస్తే ఒళ్లు మండిపోయింది.

ఆ రాత్రంతా నా నోటి మీద నాకూ అనుమానమే. మొదటి విడతలో అక్క దాచి ఇచ్చిన సీసా ఒకటి నా దగ్గరుంది. ఆ తర్వాతి ఆదివారం రెండో విడత సీసా ఒకటి హిందూపురం తెచ్చుకుని, షాపు మూశాక రెండూ పక్కపక్కన పోసి చూశాను. మొదటిది తేటగా మెరుస్తోంది. రెండోది బియ్యం కడిగిన నీళ్లలా మసక. సీసా మెడ లోపల తెల్లటి పొర కట్టింది. ఇంతకన్నా సాక్ష్యం ఏం కావాలి? ఆ సీసాను తడిగుడ్డలో చుట్టి మరుసటి వారం మళ్లీ పెనుకొండకు మోసుకెళ్లి బావ ముందు పెట్టాను.

బావ దాన్ని వెలుతురుకు ఎత్తి పట్టి చాలాసేపు చూశాడు. అప్పుడైనా నోరు తెరుస్తాడనుకున్నాను. ఇంతలో పంతులు అందుకున్నాడు. "బస్సులో అటు ఎత్తుకపోయి, ఇటు ఎత్తుకొస్తివి. ఈ ఎండకి మనిషే చెడిపోతాండాడు, బీరు చెడిపోదా?"

"కరెక్టు" అన్నాడు చీరల స్నేహితుడు.

బావ సీసా కింద పెట్టి ఇంకోటి తెరిచి అందరికీ పోశాడు. వాళ్లిద్దరూ గ్లాసులు ఖాళీ చేశారు. ఒక్క బొట్టు మిగల్చలేదు! పుల్లటి నీళ్లను అంత నిష్ఠగా తాగే మనుషులను నేనెక్కడా చూడలేదు. నేను అరిచాను. మీకు నాలుకలున్నాయా, తోలుముక్కలున్నాయా అన్నాను. అరిచేకొద్దీ వాళ్లకు నవ్వు ఎక్కువైంది. నిజం చెప్పేవాడు బామ్మర్ది అయితే ఆ నిజం కూడా వేళాకోళమే అవుతుందని ఆ రోజు నాకు బాగా తెలిసొచ్చింది.

బెంగళూరు ప్రయాణానికి ముందటి ఆదివారం వెళ్లేసరికి, వరండాలో అట్టపెట్టె సిద్ధంగా ఉంది. సీసాలకు పాత పేపర్లు చుట్టి వరసగా పేర్చాడు. అక్క బావ చొక్కాలు ఇస్త్రీ చేసి పెట్టింది. చీరల స్నేహితుడు, పంతులు అప్పటికే చాప మీద కూర్చుని ఉన్నారు. ఆ పెట్టెను చూడగానే ఇంక నా వల్ల కాదనిపించింది.

బావ గ్లాసు నా చేతికిచ్చాడు. ఒక గుటక తాగాను. గ్లాసు కింద పెట్టాను. ఏమీ అనలేదు. పప్పు గింజ ఒకటి నోట్లో వేసుకుని, "పొలం దున్నించినావా బావా?" అని అడిగాను.

బావ నా మొహం వైపే చూస్తున్నాడు. "ఏమబ్బా, ఏమీ అనలేదే?" అన్నాడు.

నేను తల దించుకున్నాను. పెళ్లయినప్పటి నుంచీ అతని చేతిది ఏది తిన్నా, ఏది తాగినా ఒక మాట అనకుండా వదిలినవాణ్ని కాదు.

బావ నా గ్లాసు తీసుకుని తను ఒక గుటక నోట్లో పోసుకున్నాడు. ఫ్యాక్టరీలో చేసినట్టే పుక్కిలించి, లేచి వెళ్లి వేపచెట్టు పాదులో ఉమ్మేశాడు. వెనక్కి వచ్చి చాప మీద కూలబడ్డాడు.

"పులిసిపోయిండాది" అన్నాడు. "మూత తీసిన దినమే నాకనిపిచ్చె. ఈళ్లందరూ బాగుండాదంటాంటే నా నోరే పోయిందేమో అనుకుంటి. పని మానుకున్యాక నాలుక మొద్దుబారిందేమో అనుకుంటి. దినామూ తెల్లారుజామున లేసి ఉప్పు, చక్కెర నాలుక మీద ఏసుకుని సూసుకుంటాంటి, ఇంకా తెలుస్తాందా ల్యాదా అని."

గుమ్మంలో అక్క చేతిలో ఇస్త్రీ చొక్కాతో నిలబడి ఉంది. ఉప్పు డబ్బా రోజూ వరండాలోకి ఎందుకొస్తోందో ఆమెకు అప్పుడే తెలిసింది.

బావ అక్కడే కూర్చుని బెంగళూరుకు ఫోను చేశాడు. రెండో విడత చెడిపోయిందని, చల్లబడ్డాక ఇంకోటి చేసి తెస్తానని చెప్పాడు. ఆయన మర్యాదగానే మాట్లాడాడు. అంతకాలం ఆగలేనని, ఇంకొకరిని చూసుకుంటానని చెప్పి పెట్టేశాడు. ఒక నెల ముందు తెలిసుంటే, ఐసు తెప్పించి పెట్టయినా ఇంకో విడత కాచుకునే వీలుండేది.

పంతులు ఏదో పనున్నట్టు లేచి వెళ్లిపోయాడు. చీరల స్నేహితుడు మాత్రం కదల్లేదు. గ్లాసు పక్కకి జరిపి, "నాకూ మొదటి దినమే పుల్లగా తగిలిందన్నా" అన్నాడు.

నేను ఎగిరి పడ్డాను. "మరి నోట్లో ఏం పెట్టుకున్యావప్పా ఇన్ని దినాలు?"

"అన్న అంత కష్టపడి చేసి, ప్రేమగా పోస్తే, ఆయప్ప ఇంట్లోనే కూకోని బాగల్యాదని ఎట్లంటాం? చేసినోళ్ల మనసు నొచ్చుకోదా?" అన్నాడు. అతని కళ్లలో నీళ్లున్నాయి. ఆ నీళ్లు చూసి నాకు ఇంకా ఒళ్లు మండింది.

బావ అతని భుజం మీద చెయ్యి వేశాడు. గొంతులో కోపం లేదు.

"పని పోతే పోనీలేప్పా" అన్నాడు. "ఇన్నేండ్లూ ఈ నాలుక చెప్పిందే నమ్ముకుని బతికినా. నీ మాట నమ్మి, అది సచ్చిపోయిందనుకుంటి."