పులుసు రేపటికి ఉంచని పెద్దమ్మ

పెద్దమ్మ ప్రభువు దగ్గరికి వెళ్లిపోయిందని భీమడోలు నుంచి ఫోన్ వచ్చినప్పుడు నాకు ముందు ఏడుపు రాలేదు. ఒళ్లు మండింది. పోయినవాళ్ల మీద కోపం పెట్టుకోకూడదంటారు. కానీ ఆవిడ మా అమ్మకు అక్క, అమ్మ పోయాక నాకు అమ్మ కూడా ఆవిడే. ఆ హక్కు నాకుందనే అనుకుంటున్నాను.

కొల్లేటి చుట్టుపక్కల ఎవరినడిగినా చెబుతారు, చేపల పులుసు వండిన రోజు కంటే మర్నాడే రుచి అని. దాక మీద మూత పెట్టి, పిల్లికి అందకుండా దాచి, పొద్దున్నే చద్దన్నంలో వేసుకుంటారు. మా పెద్దమ్మ ఇంట్లో ఆ భాగ్యం ఎవరికీ దక్కలేదు. మిగిలిన పులుసు సాయంత్రానికే గిన్నెల్లో సర్దుకుని వీధిలో పంచేసి వచ్చేది. ఆశ చావక నేను ఏలూరులో పొద్దుటి రైలెక్కి వెళ్తే, పెరట్లో దాక తోమి బోర్లించి ఉండేది.

"ఒక్క ముక్కయినా ఉంచొచ్చు కదా పెద్దమ్మా?"

"రేపటికి దేవుడికి వేరే కూర తెలీదనుకున్నావా అమ్మాయ్?" అని నవ్వేది.

రేపటి గురించి చింత వద్దన్న ప్రభువు మాట చర్చిలో మేమందరం విన్నదే. విని, తలాడించి, ఇంటికొచ్చి రేపటి బెంగ మళ్లీ మొదలుపెట్టేవాళ్లం. ఆవిడ ఒక్కతే ఆ మాటను వంటింటి దాకా తెచ్చుకుంది. పొద్దున ప్రార్థనలో అడిగేది కూడా ఆ సాయంత్రం దాటేది కాదు. మా ఆయన ఉద్యోగం పోయినప్పుడు చెప్పకుండా వచ్చి, వంకాయ కూర వండి, నా ముందు కంచం పెట్టింది. "రేపు ఏడవడానికైనా ఓపికుండాలిగా, ఇవాళ్టికి తిను" అంది. తిన్నాను. ఆ రోజు మా ఇంట్లో అందరం కంటినిండా నిద్రపోయామంటే ఆవిడ చలవే.

అయినా నా కోపం నాది. కిందటి వానాకాలం నాలుగు మెట్లెక్కితే ఆయాసపడుతోందని ఏలూరులో గుండె డాక్టరు దగ్గర అపాయింట్‌మెంటు తీసుకున్నాను. ఆఫీసుకు సెలవు పెట్టి ఆస్పత్రి గేటు దగ్గర నిలబడ్డాను. ఎంతకీ రాదు. ఫోన్ చేస్తే, అదే ఆస్పత్రిలో కింద కాన్పుల వార్డులో ఉంది! పక్కింటి అమ్మాయికి నొప్పులొస్తే, మొగుడు ఊళ్లో లేడని తనే వెంటబెట్టుకొచ్చింది.

"ఒక్కసారి పైకి రా పెద్దమ్మా, డాక్టరు మేడ మీదే ఉన్నారు," అని బతిమాలాను.

"దీని చెయ్యి వదిలి ఎలా వస్తానే? ఇవాళ దీని రోజు. నాది ఇంకో రోజు చూద్దాంలే."

ఇంకో రోజట! జన్మలో రేపటికంటూ ఏదీ ఉంచని మనిషి, తన ప్రాణం దగ్గరికి వచ్చేసరికి రేపు చూద్దామంది. ఆ తర్వాత ఎప్పుడు పిలిచినా ఎవరిదో ఒకరి రోజు అడ్డం వచ్చింది. చివరికి ఆ గుండే ఆగిపోయింది. ఆ రోజు ఆ మెట్లెక్కి ఉంటే ఇవాళ ఉండేదేమో. విశ్వాసం వేరు, అశ్రద్ధ వేరు అని ఎంత మొత్తుకున్నా ఆవిడ దగ్గర గెలవలేకపోయాను. ఇప్పుడు వాదించడానికి మనిషే లేదు.

పెద్దమ్మను తలుచుకుని ప్రార్థన చేసుకోవడానికి భీమడోలులో పెట్టిన ఆదరణ కూడికకు ఆ పక్కింటి అమ్మాయి బిడ్డతో వచ్చింది. "వందనాలండి. దీన్ని అందరికంటే ముందు ఎత్తుకుంది పెద్దమ్మగారేనండి," అంటూ నా పక్కన కూర్చుంది. భోజనాలకు పిలిచారు. "కాస్త పట్టుకుంటారా అండీ, తినేసి వచ్చేస్తాను" అని బిడ్డను నా చేతుల్లో పెట్టి వెళ్లింది.

నాకు ఏలూరు బస్సు టైమవుతోంది. మర్నాడు ఆఫీసు, పిల్లల పరీక్షలు, బుర్ర నిండా అవే. బిడ్డ నా మొహంలోకి ఒకసారి చూసి, ఆవలించి, మోచేతి మీదే నిద్రపోయింది. రోడ్డు మీద బస్సు హారన్ కొట్టింది. కదిపితే లేస్తుందని లేవలేదు.

బస్సు వెళ్లిపోయింది. పెద్దమ్మ మీద కోపం మాత్రం పోలేదు. చెయ్యి తిమ్మిరెక్కినా అలాగే కూర్చున్నాను. బిడ్డ నిద్రలోనే పెదాలు చప్పరిస్తోంది.